పదహారు జీబీ

"సీ డ్రైవంతా తుడిసిపెట్టుకుపోతాదమ్మా,
ఏటుంచాలో ఇప్పుడే సెప్పీండి"
అన్నాడు తవిటినాయుడు, పళ్ల మధ్య స్క్రూ తియ్యకుండానే.
కాశీబుగ్గ బస్టాండు వెనక, మేడమెట్ల కింద కొట్టు.

పెన్ డ్రైవు పదహారు. ఫొటోలు ఇరవై రెండు.
బేరం నాకూ నాకూనే.

గ్యాసు పుస్తకం, మీటరు రీడింగు: పోనీ.
తిత్లీకి ముందు మా జీడితోట: ఉంచు.
మర్నాడు అదే తోట, వేళ్లు పైకి: అదీ ఉంచు,
లేకపోతే మొదటిదాన్ని ఎవరు నమ్ముతారు?
పిన్ని కూతురు ఒకే చీరలో, ఒకే నవ్వు, పదకొండుసార్లు.
పది నవ్వులు కొట్టేశాను.

తర్వాతది ఎర్రటి మసక. ఓ మూల కాస్త ఆకాశం.
"ఇది పాడైపోనాది, తీసీమంటారా?"

ఉండనీ.
ఇవన్నీ తీసింది మా అన్నయ్య జోగారావు.
ఒక్కదాంట్లోనూ లేడు.
ఇందులో మాత్రం లెన్సుకి అడ్డొచ్చిన బొటనవేలు.
జీడిసొన కాల్చిన నల్లమచ్చ
అందులో ఉందో, నాకే కనిపిస్తోందో.

తొంభై రెండు శాతం దగ్గర కరెంటు పోయింది.
ఇన్వర్టరు కీచుమంది.
ఆకుపచ్చ గీత కదలదు.
తవిటినాయుడు గుటక వేశాడు,
స్క్రూ మింగేశాడేమోనని
ఒక్క క్షణం అదీ భయమే నాకు.