గురివింద ఎత్తు

ఫ్యాన్ ఆపితేగానీ కాటా నిలవదు.
మే నెల, వన్‌టౌన్‌లో రెండో అంతస్తు గది.
బుల్లి కాటా గాజు తలుపు తీసి
ఊపిరి బిగబట్టి లోపల పెడతాను
అరిగిన మాత్ర ముక్క.

మా నాన్న గురివింద గింజ వేసి తూచేవాడు.
నా మాత్ర పూర్తి ఎత్తు, చిత్రంగా, ఒక్క గురివింద.
ఆరేళ్ళు రోజుకో గింజ మింగాను.
గురివింద తన నలుపు తానెరగదంటారు గానీ
నేనెరుగుదును.
ఎరిగే కదా సూర్యారావుపేట మెట్లెక్కింది,
ఎరిగే కదా కొట్లో గ్యాస్ మాత్రలని చెప్పింది.

నిరుడు, బాగున్నానని నాకు నేనే చెప్పుకుని
ఒక్కసారిగా మానేశాను.
మూడో రోజు బస్టాండు దగ్గర రోడ్డు దాటబోతూ
బస్సొస్తోందేమోనని కళ్ళు పక్కకి తిప్పాను.
తల లోపల చిటుక్.
తల కదల్లేదు, కళ్ళే.
మళ్ళీ తిప్పాను. చిటుక్.
చిన్నప్పుడు నాలిక్కి బ్యాటరీ ఆనించి చూసిన రుచి
పుర్రె లోపలి గోడకి.

ఆ వారమంతా
సబ్బు ప్రకటన చూసి ఏడ్చాను.
ఎవరిదో పెళ్ళి కమ్మల జత పాడుచేశాను.
కల్లో చచ్చిపోయిన మేనత్త వచ్చి
పలకరించకుండా గిన్నెలన్నీ తోమి బోర్లించి వెళ్ళింది.
లేచి వంటింట్లోకి పోయి చూసొచ్చాను.
భ్రమరాంబ మీదికి విసిరిన స్టీలు గ్లాసు
(మీదికి కాదు, పక్కకి, అంటాను నేను.
మీదికే, అంటుంది తను)
సొట్టతో ఇంకా ఉంది.
అందులోనే మజ్జిగ ఇస్తుంది.

జబ్బు తిరగబెట్టిందనుకున్నాం.
డాక్టర్ నుస్రత్ కాదంది.
"కాలిన బంగారాన్ని ఒక్కసారే నీళ్ళలో ముంచుతారా మీరు?"
ముంచుతామండీ, అన్నాను.
ఆవిడ నవ్వేసింది.
"అయితే మీ పనితో పోలిక చెప్పను.
మళ్ళీ మొదలుపెట్టండి. కుదురుకున్నాక
నెలకి పదో వంతు తగ్గించండి. తల ఒప్పుకోకపోతే ఆగండి.
వెనక్కి రావాల్సొస్తే నాకు చెప్పి రండి, సిగ్గుపడకండి."

అప్పట్నుంచీ మాత్రని
నగల ఆకురాయితోనే గీస్తున్నాను,
వెన్న కాయితం మీద, రాలిన తెల్ల రజను ఊదేస్తూ.
కొట్టు ముందు కాలవ మట్టి కడిగి
బంగారం ఏరుకునే నాంచారమ్మకి
ఇది మాత్రం దొరకదు.
నీళ్ళు తగిలితే ఏమీ మిగలదు.

పక్క పీట మీద తపన్, మేదినీపూర్ వాడు,
ఒకరోజు చూసేశాడు.
"ఏంటి దాదా, వెండా?"
ఔన్రా, నాసిరకం వెండి.
వాడు నమ్మలేదని నాకు తెలుసు.
ఎందుకంటే మొన్న అతుకు పెడుతుంటే
ఊదుగొట్టం నోట్లో, మంట గొలుసు మీద,
సరిగ్గా అప్పుడే చిటుక్.
అడక్కుండా నా చేతిలోంచి గొట్టం తీసుకుని
మంట చెదరకుండా పని పూర్తిచేశాడు.
తర్వాత టీ తెప్పించాడు. చక్కెర ఎక్కువేయించి.
ఆ పూట నేను మెరుగు పని చేసుకున్నాను,
చూపు ఎటూ తిప్పనక్కర్లేని పని.

పదకొండో నెల.
గురివిందలో సగం దగ్గర ఆగిపోయాను.
ఒకసారి దిగి, నిలవలేక, ఆవిడకి ఫోన్ చేసి
మళ్ళీ ఎక్కాను.
సిగ్గు వేసింది. వేసినా ఎక్కాను.
కొన్ని రోజులు తల ఊరికే తలలా ఉంటుంది.
బీసెంట్ రోడ్డులో జనాన్ని అటూ ఇటూ చూస్తూ నడిచి
ఇంటికొచ్చాక గుర్తొస్తుంది,
చిటుకు వినపడలేదని.
గుర్తు రాగానే వినపడుతుంది.

"అయిందా?"
స్విచ్ మీద చెయ్యేసి భ్రమరాంబ.
ఆగు, అంటాను.
కొంగుతో మెడ తుడుచుకుంటూ ఆగుతుంది.
నా నుదుటి చెమట మందు మానడం వల్లో, మే నెల వల్లో
ఇద్దరం అడగడం మానేశాం.
కాటా మీద చివరి అంకె
ఎటూ తేల్చుకోక
రెండూ మూడూ, రెండూ మూడూ