చెట్టుకు ఆది

ముప్పై ఏళ్ళు సూదితో బతికినదాన్ని,
ఇంటిముందు సూదులున్న చెట్టే కావాలనిపించింది.
నవ్వుతారని కొర్లగుంటలో ఎవరికీ చెప్పలేదు.
ఆదివారం షట్టరు సగం దించి
మెడలో టేపు తీయడం మరిచి
కరకంబాడి రోడ్డు ఆటో ఎక్కాను.

మొగిలయ్య నర్సరీ.
కడియం లారీలో రాత్రి దిగిన మొక్కలు
నల్ల కవర్లలో, ఇంకా బడలిక తీరకుండా.
"జాగా ఎంతుందమ్మా?"
"రెండంకణాలు. అందులో మెట్లు పోను,
కుళాయి గుంత పోను..."
చెబుతుంటేనే జాగా కురచైపోయింది
చవక గుడ్డ మొదటి ఉతుక్కి ముడుచుకున్నట్టు.

నా కన్ను మాత్రం అరకేరియా మీద.
మోకాలెత్తు లేదు.
గొడుగు మీద గొడుగు,
ఎవరో కొలిచి ఫ్రిల్లు కుట్టినట్టు ఒక్కో వరస.
టేపు తీశాను. ఎత్తు ఇరవై రెండంగుళాలు.
నడుము...
చెట్టుకు నడుమెక్కడ? అడ్డంగా పద్నాలుగు.
"సరిపోతాది నా. మెట్ల పక్కన పెట్టుకుంటా."

టేపు రెండో కొస పట్టుకుని వదల్లేదు మొగిలయ్య.
"పిల్లోడికి యూనిఫారం కుట్టేటప్పుడు
జూన్ నెల పిల్లోడికి కుడతావా,
మార్చి నెల పిల్లోడికా?"

పాంటు అంచులో ఎప్పుడూ
రెండంగుళాలు లోపలికి మడిచిపెడతాను.
పిల్లోడు సాగేకొద్దీ వాళ్ళమ్మ విప్పుకుంటుంది.
"దీని లోపల అరవై అడుగుల మడతుంది తల్లీ.
విప్పేది నువ్వు గాదు, అదే విప్పుకుంటాది.
మళ్ళా మడవలేవు."

ఆది లేకుండా నేను జాకెట్టు కూడా కుట్టను.
చెట్టుకు ఆది ఎవరిస్తారు?
"చూపిస్తా పా" అని బండి తీశాడు.

రేణిగుంట దారిలో ఒక పాత మేడ.
గేటుకీ గోడకీ నడుమ మూడడుగుల సందు.
గోడ బీటలిచ్చింది.
గేటు ఒక రెక్కే తెరుచుకుంటోంది.
పైన కరెంటు తీగ.
తీగ దగ్గర చెట్టుకు తల లేదు.
రెండు వానాకాలాల కింద లైన్‌మన్ కోసిపోయాడట.

మా ఊళ్ళో తల ఇవ్వడం కొత్త కాదు.
బస్టాండులో ఎటు చూసినా గుండ్లే,
గంధం పూసుకుని, తేలిగ్గా, నవ్వుతూ.
నాలుగు నెలలకి జుట్టు తిరిగొస్తుంది.
దీనికి రాలేదు.
పక్క కొమ్మలు పక్కకే పోతున్నాయి,
పైకి పోవడం తమ పని కాదన్నట్టు.

తిరిగొచ్చి మళ్ళీ వెతికాం.
సవుకు? "సూదిలాగుంటాది గానీ ఆ జాతి కాదు. పందిరి గుంజ."
పైన్? "రోహిణి కార్తెలో
నీ ఇస్త్రీపెట్టె కింద పెట్టినట్టే."
పాకే జూనిపర్ తొట్టిలో బాగానే ఉంది,
నాకే నచ్చలేదు. చెట్టంటే నిలబడాలి కదా.

చివరికి తూజా, బంగారు రంగుది.
"పెరిగితే నీ అంత. మహా అయితే ఇంకో జానెడు."
దాని ఆకు సూది కాదు, లేసు అల్లిక.
అదీ నాకు తెలిసిన పనే.
నూట ఎనభై చెప్పాడు. నూట యాభైకి
ఒక పాంటు పొడుగు ఉచితంగా విప్పిస్తానని కలిపాను.

గోడకి మూడడుగులు కొలిచి నాటాను.
"చుట్టూ అంత ఖాళీ దేనికి?
నాలుగు రోజాలు పట్టేవి గదా"
అంది మేడమీది ఖైరున్నీసా.
ఖాళీ కాదు, మడత అన్నాను.

కాసేపు మొక్కనే చూసింది.
తర్వాత కిందికి దిగి జాకెట్టు గుడ్డ ఇస్తూ
చంకల దగ్గర కొంచెం గుడ్డ వదిలిపెట్టమంది,
ఈ మధ్య ఒళ్ళు చేస్తున్నానని.