పాణి

భీమవరం ఆసుపత్రి, పన్నెండో నెంబరు గది.
బయటి చప్పుడు రాకుండా
గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించాం.
అయినా వస్తుంది,
ఐసు లారీ వెనక్కి తిరిగే కూత.

శిక్షణలో నాకిది నాలుగో వారం.
ఎదురు కుర్చీలో కాళ్ళు నేలకందని టుకునా.
రొయ్యల ఫ్యాక్టరీ షెడ్ల నించి
వాళ్ళమ్మ ఝునులత తీసుకొచ్చింది.
చేతిలో బడి పంతులు రాసిన చీటీ:
"ఐదేళ్ళొచ్చినా మాట రాదు."

గ్లాసులో నీళ్ళ బొమ్మ చూపించాను.
"పాణి" అన్నాడు.
పాణి అంటే చెయ్యి అని
పద్యాలు బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నదాన్ని,
తప్పు గడిలో గీత పెట్టాను.
చేప బొమ్మకి "మాఛొ."
ఇంకో గీత.
ద్రాక్షపళ్ళని చూసి ఊరుకున్నాడు, ఎప్పుడైనా తింటేగా.

ఎస్తేరు మేడం నా పెన్ను లాక్కుంది.
కూజా వంచి గ్లాసు వాడి చేతికిచ్చింది.
గటగటా తాగేశాడు.
"దాహమని చెప్పాడమ్మా పిల్లాడు.
వినబడనిది నీకు.
ముందు నీ చెవులు చూద్దాం, కూర్చో."

నవ్వులాటక్కాదు.
నన్ను రోగి కుర్చీలో కూర్చోబెట్టి
తల్లీ కొడుకుల్ని మాట్లాడుకోమంది.
ఐసులో నాని తెల్లబడ్డ వేళ్ళు ఆడిస్తూ ఆమె ఏదో అంటే
వాడు మాటకి మాట అప్పజెప్పి
పకపకా నవ్వాడు.
నాకొక్క ముక్క అందలేదు.
కుర్చీలో నా కాళ్ళు నేలమీదే ఉన్నాయి, ఎందుకో
ఆనినట్టు లేదు.

విశాఖలో మొదటేడు
సారు పేరు పిలిస్తే "ఆయ్" అన్నాను.
"ఏం, నొప్పా?" అన్నారు.
క్లాసు క్లాసంతా నవ్వింది.
ఆ రోజే మా కొత్తపేట నాలుకని మడిచి
కలరా ఉండలేసి పెట్టెలో దాచాను.
అది గుర్తొచ్చింది.

పనిలో పని, తల్లికీ పరీక్ష చేశాం.
ఐసు కొట్టే మిషన్ల హోరుకి
ఎడమ చెవి సగం పోయింది.
ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు.
చీటీ మాత్రం కొడుకు పేరున వచ్చింది.

మా ఫారంలో అన్ని గడులూ ఉన్నాయి,
ఇంట్లో ఏం మాట్లాడతారన్న గడి తప్ప.
స్కేలు పెట్టి మేడం ఒకటి గీసింది.
గీత కాస్త వంకరపోయింది.

రేపు తొమ్మిదింటికి ఖుర్షీద్ బీ.
పక్షవాతమొచ్చాక అన్నిటికీ "నక్కో" అంటోందట,
కేసు షీటులో రాశారు: "సహకరించదు."
అన్నం వద్దందో, ఆ గరిట పట్టిన చెయ్యి వద్దందో.
పెన్ను సంచీలోనే ఉంచి
వెళ్ళి కూర్చోవాలి.