మిగిలినది

ఫేఫన్ దీవిలో ప్రతి మనిషికీ రెండు ఆత్మలు.
మంచిది పైకి పోతుంది,
నాలుగోరోజు చాపా దిండూ కాల్చిన పొగ పట్టుకుని.
చెడ్డది సోపే అవుతుంది.
మడచెట్ల వేళ్ళ మధ్య చతికిలబడి
చీకటి పడేదాకా కాచుకుంటుంది.

మా అమ్మ ఇనోస్కోకి పొగ బాగానే లేచింది.
"చూశావా, ఎంత నిటారుగా పోతోందో" అన్నాడు కచూవో మామ.
నేను పొగవైపు చూడలేదు.
దుంపల మడి గట్టు మీద తడి అడుగులు చూస్తున్నాను,
కాస్త పసుపు అంటుకుని.

పదో రాత్రి మొదలైంది.
చెల్లెలి కొడుకు రేకుల కప్పు కింద
ఉలిక్కిపడి లేచి మోచెయ్యి చూపించాడు:
ఏడు పళ్ళ గుర్తులు, మధ్యలో ఒక సందు.
ఆ సందు నాకు తెలుసు.
సీమపనస దంచే పగడపు బండ జారి
ముందు పన్ను ఊడిన రోజు నేనక్కడే ఉన్నాను.
ఏడవలేదు. బండని తిట్టింది.

మందులామె వచ్చి కొబ్బరినూనెలో ఆకులు నలిపింది.
"గుమ్మంలో దీపం ఆర్పకండి,
రాత్రిపూట ఆవిడ పేరెత్తకండి,
వాసనొస్తే వెనక్కి తిరక్కండి" అంది.
అందరూ సరేనన్నారు. నేనూ తలూపాను.

కానీ ఆ మంచి ఆత్మతో నాకేం పరిచయం?
పైన మబ్బుల్లో, ఎవర్నీ పల్లెత్తు మాట అనకుండా
కూర్చున్న ఆ ఆడమనిషి ఎవరో!
నన్ను పెంచింది ఈ రెండోదే:
జానెడు గట్టు కోసం
సొంత అక్కతో పదకొండేళ్ళు మాట్లాడనిది,
ట్యూనా డబ్బా ఒకటి లెక్క తగ్గితే
రేవుదాకా వినపడేలా అరిచేది,
నాకు జ్వరమొస్తే తిడుతూ, తిడుతూనే
తెల్లార్లూ పాదాలకి నూనె రాసినది.

నిన్న రాత్రి లాంతరు తగ్గించి
మడల దాకా నడిచాను.
ఆటు మొదలైంది. ఏనాడో మునిగిన
యుద్ధనౌకల చమురు
నీటి మీద నెమ్మదిగా రంగులు తిరుగుతోంది.
వాసన వచ్చింది: పాత నూనె, పులిసిన సీమపనస.
వెనక్కి తిరిగాను.

ఎవరూ లేరు. బురదలో బుడగలు.
ఆకులో తెచ్చిన ముద్ద ఒక వేరు మీద పెట్టి
"పిల్లాడి జోలికి రాకు" అన్నాను.
"వాడికి నీ కోపం అలవాటు లేదు."
తర్వాత చొక్కా మోచెయ్యి పైదాకా మడిచి
చీకట్లోకి చెయ్యి చాపాను.

చాలాసేపటిదాకా
దోమలే కుట్టాయి.