రంపంరాజు: రెండో ముద్రణ

ముప్పయ్యేళ్ళ కింద వాడికి ఆకుపచ్చ అంగరఖా తొడిగింది నేనే.
కుడి మణికట్టు దగ్గర చెయ్యికి బదులు
ఇరవైనాలుగు పళ్ళ గుండ్రటి రంపం.
లెక్కపెట్టి గీసేవాణ్ణి. ఒక్క పన్ను తగ్గినా
పిల్లలు కార్డుముక్క రాసేవాళ్ళు.

చంద్రుణ్ణి నిలువునా కోస్తానని బెదిరించేవాడు రంపంరాజు.
ఎప్పుడూ కోయలేదు పాపం.
ఆఖరి పేజీలో బావిలో పడేవాడు,
పై నెల తడిబట్టలతో లేచొచ్చేవాడు.

ఇప్పుడు ఫోనులో హైదరాబాదు నుంచి కుర్ర సంపాదకుడు:
"వాణ్ణి మళ్ళీ తెద్దాం అంకుల్.
కాస్త చీకటిగా. నిజంగా ఉండాలి."

నిజంగా అంటే
సిరొంచ దాకా రావాలి నాయనా.
ప్రాణహిత ఒడ్డున నా ఇంటి కిటికీలోంచి
రాత్రిపూట టేకుదుంగలు ఈదడం చూడాలి.
మొసళ్ళు ఇంత క్రమశిక్షణగా పోవు.

సరే, మొదలుపెట్టాను.
అంగరఖా తీసేశాను. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు.
ముళ్ళ బుడగలో ఆ వికటాట్టహాసం తీసేశాను.
మిల్లు సేటు ఓదెలు నవ్వడు,
"చాయ్ తాగినవా మాస్తరూ" అంటాడు, అంతే.
అతని పక్కన కుర్చీలో కూర్చుని
చాలాసేపు చూశాక
రంపం కూడా తీసేశాను.

సేటుకి వేళ్ళు పదీ ఉన్నాయి.
శుభ్రంగా గోళ్ళు తీసుకుని, కనకపుష్యరాగం ఉంగరంతో.
లేనివి మిల్లులో వాళ్ళవి.
పోశాలుకి రెండు. ఆత్రం లచ్చుకి మూడు.
నాకు ఒకటి, బొమ్మలకి డబ్బు రాని ఏడాది.
"చిటికెనేలుతోని బొమ్మలేస్తవా ఏంది?" అన్నాడు
ఆస్పత్రిలో బత్తాయిలు పెడుతూ.
నిజమే కదా అనిపించింది.
అదీ వాడి శక్తి. దీన్ని ఏ రంగుతో వెయ్యను?

ఇక కథ.
అటవీశాఖలో కొత్త గార్డు, విలాస్ మెశ్రామ్,
ఆషాఢం వానలో రేవుకి దిగి టార్చి వేశాడు.
నా కిటికీకి ఆ వెలుగు
ఒకసారి అడ్డంగా, ఒకసారి ఆకాశం మీదికి, తర్వాత లేదు.
తెల్లారి రేవులో సైకిలు, హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా.
మూడోరోజు మనిషి, కింద, తుంగలో.

చితికి కట్టెలు సేటు మిల్లు నుంచే వచ్చాయి.
టేకు కాదు.
టేకు కాలిస్తే ఎంత నష్టం!

గార్డు కూతురి బడి ఫీజు సేటే కడుతున్నాడు,
రసీదులు ఫైలు చేసి పెట్టుకుంటాడు.
ఇది రాసి పంపితే కుర్రాడు అడిగాడు:
"మరి హీరో ఎప్పుడొస్తాడు అంకుల్?"

పాత సంచికల్లో నలభయ్యో పేజీకి వచ్చేవాడు,
కిటికీ అద్దం పగలగొట్టుకుని.
ఇక్కడ కిటికీకి అద్దం లేదు. పాత చాదరు ఉంది.
ఆ రాత్రి దాన్ని కిందికి లాగింది నేనే.

పంచనామాకి పోలీసులు నన్నే పిలిచారు.
నా అక్షరాలు బాగుంటాయని ఊళ్ళో పేరు.
మరాఠీ కూడా ముత్యాల్లా రాస్తాను.
"పాయ్ ఘసరూన్", కాలు జారి అని రాశాను.
"ఘ" దగ్గర కలం కాస్త ఆగింది.
ఆగిన చోట సిరా ఊరింది.
ఎవరూ చూడలేదు.

ఆఖరి చట్రంలో సేటుని వెయ్యలేదు.
ఒక బల్ల, ఒక కాగితం, లాంతరు వెలుగు,
కాగితం కదలకుండా అదిమిపట్టిన ఎడమచెయ్యి.

నిన్న ఫోనొచ్చింది. బొమ్మలు అదిరాయట.
"చిన్న తప్పు అంకుల్, చివరి పేజీలో
ఆ చేతికి ఒక వేలు తగ్గింది.
సరిచేసి పంపుతారా?"

చూస్తానన్నాను.