నికర బరువు

జూన్ నెల, రాత్రి పదకొండు.
చిత్తూరు దాటాక, జ్యూస్ ఫ్యాక్టరీ గేటు నుంచి
గుడిపాల మలుపు దాకా ట్రాక్టర్లు.
ఒక్కోదాంట్లో ఐదు టన్నుల బెంగళూరా కాయ,
కాయ మీద పట్టా, పట్టా మీద మనిషి.
నేను వేబ్రిడ్జి గదిలో.
ఒక చెవిలో ఇయర్‌ఫోను,
బీఏ సైకాలజీ, రెండో సంవత్సరం.
రెండో చెవి కంపెనీది.

పాఠం చెప్పే మేడం ఏ ఊరో తెలీదు.
వెనక తెల్ల గోడ, ఒక క్యాలెండరు మేకు.
"మనసు అనేది..." అంటుంది,
సిగ్నల్ పోతుంది.
తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది
సరిగ్గా మనసు దగ్గరే.
ఆ సందులో ఒక బండి తూచి చీటీ ఇచ్చేస్తాను.

నిండు బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే
మిగిలేది నికరం.
ఆరేళ్లుగా నాకు అన్నం పెట్టిన లెక్క ఇదొక్కటే.

గంట మోగితే చొంగ కార్చిన కుక్క కథ
అందరికీ నవ్వు తెప్పిస్తుందట.
నాకు రాలేదు.
సైరన్ కూస్తే ఆకలి లేకున్నా
చెయ్యి సంగటి డబ్బా మీదికి పోతుంది.
మేనేజరు బైకు మలుపు తిరగ్గానే
వెన్ను దానంతటదే నిటారవుతుంది.
నోట్సు అంచున రాసుకున్నాను:
ఉదాహరణ, నేను.

"పిచ్చోళ్ల సదువా మే అది?" అంది క్యాంటీన్ గంగులమ్మ.
"మా అక్క కొడుకు నడిరేయి లేసి కూసుంటాడు,
ఒకతూరి సూడు."
ఇంకా సగం చదువే అయింది అక్కా అన్నాను.
"సగమన్నా సూడు" అంది.

ఈ రాత్రి కొత్త అధ్యాయం.
తప్పించుకోలేని దెబ్బలు తిని తిని
అలవాటు పడ్డ ప్రాణి
తలుపు తీసినా బయటికి రాదట.
దానికో పొడుగాటి పేరు. నాలుగుసార్లు రాశాను,
నాలుగు రకాలుగా వచ్చింది.

అద్దం మీద వేళ్ల చప్పుడు.
చెంగల్రాయులు, పెనుమూరు పక్క పల్లె.
క్యూలో మూడో రాత్రి.
ట్రాలీ సందుల్లోంచి పండు కారుతోంది బొట్టు బొట్టుగా,
ఈగలకు పొద్దు గూకడం లేదు.
"రేటు మళ్లా తగ్గించేసినారంటనే?"
బోర్డు మీద రాసింది నేనే,
సుద్ద పొడి ఇంకా గోళ్లలోనే ఉంది.
అవునన్నాను.
తిడతాడనుకున్నా. "కానీలే" అన్నాడు.
ఫోను వైపు చూశాడు. "ఏం సదవతా ఉండావు?"
"మనసు గురించి."
"దానికేం రేటు పలకతా ఉండాది?"

అసైన్‌మెంటులో చెప్పినట్టు కళ్లలోకి చూసి,
మధ్యలో అడ్డం రాకుండా,
"మీకు చాలా కష్టంగా ఉన్నట్టుంది" అన్నాను.
నా గొంతు నాకే వార్తలు చదివినట్టు వినిపించింది.
ఆయన వింతగా చూశాడు.
"అదట్ల పెట్టు. చార్జింగు పెట్టుకుంటా, ప్లగ్గుందా?"

ఒకటే ప్లగ్గు.
నా ఫోను పీకేశాను.
మేడం పన్నెండు శాతం దగ్గర నోరు తెరిచి ఆగిపోయింది.

ఇంటికి చేశాడు.
"ఆఁ, తింటి. ఆఁ, రేటు బాగుండాది.
నువ్వు పడుకో."
వైరు పొట్టిది. గోడకు చెవి ఆనించి,
వంగి, అబద్ధం చెప్పాడు ఎంతో మెల్లగా.
ఇది ఏ అధ్యాయంలో వస్తుందో వెతికాను.
పాఠాల పట్టికలో లేదు.

తెల్లారగట్ల తూచాను.
నికరంలో నాలుగు బస్తాలు తక్కువ.
రోడ్డు తాగింది ఏ చీటీలోకీ ఎక్కదు.
ఖాళీ బండిని కొడుకు కిందికి దించాక
ఆయనొక్కడే ప్లేటు మీద నిలబడ్డాడు.
"నన్నూ తూంచు మే, మొగిలీశ్వరీ!"
పేరెప్పుడు చదివాడో, నా బ్యాడ్జి మీద.

ఇరవై కేజీల మెట్టుతో లెక్కించే యంత్రం.
అరవై అంది.
యాభై ఆరో, అరవై మూడో దానికి పట్టదు.
"అంతేనా?" అన్నాడు, దిగి పోయాడు.
చీటీ కొట్టలేదు నేను.

అధ్యాయం చివర ప్రశ్న ఉంది:
నిజజీవితం నుంచి ఒక ఉదాహరణ రాయండి,
ఐదు మార్కులు.
మధ్యాహ్నం పన్నెండింటికి గడువు.
బయట ఇంకా నలభై రెండు ట్రాక్టర్లు.