మూలమట్టం

నార్మల్ అనే మాటకు వ్యతిరేకపదం రాయమంటే
తొమ్మిదో తరగతి బాలహుసేనమ్మ
"మా నాయన" అని రాసింది.

ఎర్ర ఇంకు పెన్ను మూత తీసి
మళ్లీ పెట్టేశాను.
సున్నా వేయడానికి చెయ్యి రాలేదు,
అర మార్కు వేయడానికి రూలు లేదు.

ఆ రాత్రి ఎర్రగుంట్లలో,
సిమెంటు దుమ్ము కిటికీకి రెండో తెరై పేరుకున్న గదిలో,
అట్ట ఊడిన నిఘంటువు తీశాను.
నార్మల్‌కు తల్లి నార్మ్.
నార్మ్‌కు తల్లి లాటిన్‌లో నార్మా.
నార్మా అంటే నీతి కాదు,
పదిమంది మెచ్చే నడవడీ కాదు.
వడ్రంగి చేతిలో, రాతిపనివాడి చేతిలో
రెండు బద్దలు కలిసిన మూల.
మూలమట్టం.

ఇరవైరెండేళ్లుగా పాఠం చెబుతున్నా
ఈ మాట లోపల ఒక పనిముట్టు ఉందని
నాకెవరూ చెప్పలేదు.
నిడుజివ్విలో అయితే
రెండిళ్లకొకటి మేకుకు వేలాడుతుంటుంది.

మర్నాడు బోర్డు మీద దాని బొమ్మ గీశాను.
"మేడమ్, అది మట్టం గదా!" అని
వెనక బెంచీ మొత్తం లేచింది.
ఇంగ్లీషు గంటలో వాళ్లు లేవడం అదే మొదలు.
నాలుగు మూలలూ మట్టానికి కూడిన బండే
లారీ ఎక్కుతుందని,
కూడనిది గుట్టకు పోతుందని
వాళ్లే నాకు పాఠం చెప్పారు.

ఆ ఊపులో ఇంకో మాట ఎత్తుకున్నాను.
ఎగ్రీజియస్.
మందలోంచి బయటికొచ్చినది అని దాని పుట్టుక.
ఒకప్పుడు మెప్పు, అందరిలోకీ మిన్న అని.
పోనుపోను తిట్టయింది, ఘోరం అని.
మాట అదే. మందే మనసు మార్చుకుంది.
గొర్రెలోళ్ల చెన్నరాయుడు చెయ్యెత్తాడు.
"పొట్టేలు బయటికి పోతే మందంతా యెనక పోతాది మేడమ్.
పిల్ల పోతే తోడేలు తింటాది.
యాడికి పోయిందని గాదు, ఏది పోయిందని సూస్తారు."
నిఘంటువులో ఆ వాక్యం లేదు.
అంచున పెన్సిలుతో రాసుకున్నాను.

బాలహుసేనమ్మ మాత్రం పలకలేదు.
గంట కొట్టాక వచ్చి మేజా అంచు పట్టుకుని నిలబడింది.
యూనిఫారం అంటే అందరికీ ఒకటే రూపం అట,
ఆ పిల్ల ఒంటి మీద అది
ఇంకా అక్క కొలతల్లోనే ఉంది.

పాలిషింగ్ ఫ్యాక్టరీలో ఒక కాగితం తెచ్చారంట,
మాస్కులు ముట్టినాయని.
ముట్టలేదు.
నలభై ఒక్కమంది వేలిముద్రలేశారు.
నలుగురితో నారాయణ అన్నారు, గుంపులో గోవిందా అన్నారు,
దగ్గుతూనే అన్నారు.
నాయన మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.
"ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి"
అని మేస్త్రీ నవ్వాడు.
రేపటి నుంచి రావద్దన్నాడు.

"మేడమ్, ఉలిపికట్టె అంటే ఏంది?"

లాటిన్ దాకా పోయి వచ్చినదాన్ని,
ఇంటి వెనక మాట దగ్గర ఆగిపోయాను.
కట్టె అని తెలుసు. ఏ కట్టె?
ఎవరు విరిచారు, ఎవరి దారికి అడ్డం వేశారు?
ఆ సామెత వందసార్లు వాడి ఉంటాను,
ఎప్పుడూ ఊరి పక్కన నిలబడే వాడాను.
"తెలీదమ్మా" అన్నాను.
ఆ పిల్ల ఆశ్చర్యపోయింది.
నాకు తెలీనిది ఉంటుందని కాదు,
ఒప్పుకుంటానని.

ఆదివారం వాళ్లింటికి పోయాను.
క్వారీ వాళ్లు పారబోసిన ముక్కలతో
దస్తగిరి గోడ కడుతున్నాడు.
ఒక్క ముక్కకూ తిన్నని మూల లేదు.
వంకర వంకరను వెతుక్కుని కూర్చుంటోంది.
సున్నం లేదు, సిమెంటు లేదు.
భుజంతో నెట్టి చూశాను. కదల్లేదు.

"మట్టం పెట్టవా?" అన్నాను.
"పెట్టకుంటే ఎట్ట మేడమ్?
గోడకు పెడతా.
రాయికి పెట్టను."
అని, దగ్గొచ్చి పక్కకు తిరిగాడు.

ఇంటికొచ్చి ఆ పేపరు తీశాను.
పూర్తి మార్కు వేసి
పక్కన సంతకం పెట్టాను.
ఏ రూలు కింద అని హెడ్మాస్టరు అడిగితే
ఏం చెప్పాలో
ఇంకా ఆలోచించలేదు.